కలిపే గుంత

చేవెళ్ల నుంచి మొయినాబాద్ వచ్చే రోడ్డుకు కొంచెం లోపలగా మా ప్లాంటు ఉంది. ప్లాంటు అంటే పెద్ద ఫ్యాక్టరీ అనుకోవద్దు. ఒక గుండ్రటి గ్యాస్ ట్యాంకు, ఒక రేకుల షెడ్డు, షెడ్డు వెనక వరుసగా ఎరువు కుప్పలు, అంతే. చేలల్లో కాల్చేసే మక్క చొప్ప, చేవెళ్ల మార్కెట్లో మిగిలిపోయే గోబి ఆకు, మెత్తబడిన టమాటాలు తెచ్చి, నరికి, నీళ్లలో కలిపి ట్యాంకులోకి పంపుతాం. లోపల అది పులిసి గ్యాస్ పుడుతుంది. ఆ గ్యాస్ పైపులో గోడ అవతలి హాస్టల్ వంటశాలకు పోతుంది. అడుగున మిగిలిన చిక్కటి నీళ్లను ఎరువు కుప్పల్లో పోస్తాం. ఆ ఎరువు చుట్టుపక్కల రైతులు కొంటారు. అజీజ్‌నగర్ ఫామ్‌హౌసుల మాలీలు, మోకిలలో కొత్తగా ఇళ్లు కట్టుకున్నవాళ్లు కూడా వచ్చి బస్తాలు వేయించుకుపోతారు.

దీన్ని మొదలుపెట్టింది మేమిద్దరం. నేను మట్టి పరీక్షలు చేసే ల్యాబులో చాలాకాలం పనిచేశాను. మా నాన్న చర్చిలో పెద్ద, ఉన్న కొద్దిపాటి భూమిలో కూరగాయలు పండించేవాడు. రెండో మనిషి చేవెళ్ల వైపు పెద్ద వ్యవసాయం ఉన్న ఆసామి. వాళ్లింట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు రాజకీయాల్లో ఉంటారు. నేను అన్నా అంటాను, ఆయన చెల్లె అంటాడు. స్థలం ఆయనది, తిరుగుడు నాది. ఊరూరా తిరిగి "చొప్ప కాలవెట్టకుండ్రి, మాకియ్యుండ్రి" అని రైతుల్ని బతిమాలడానికి నాకు ఒక పంట కాలం మొత్తం పట్టింది.

పని నడిపేది మాత్రం ఒక మొగుడూ పెళ్లాం. అతను యంత్రాలు చూసుకునేవాడు. ఆమె వచ్చిన చెత్తలోంచి ప్లాస్టిక్ కవర్లు, సుతిలి తాళ్లు ఏరేది. ప్లాంటు పక్కనే రెండు గదుల్లో ఉండేవాళ్లు. ఇద్దరూ నన్ను అక్కా అని పిలిచేవాళ్లు. ఆమె చేసే పచ్చి పులుసు కోసమే నేను చాలాసార్లు మధ్యాహ్నం డబ్బా తెచ్చుకోవడం మానేసేదాన్ని.

ఆ యేడు దసరా పోగానే బంతిపూలు వచ్చిపడ్డాయి. పండుగ దినం ఎక్కువ ధర పలికిన పువ్వు మర్నాటికి ఎవరికీ అక్కర్లేదు. అమ్ముడుపోని దండలను దండలుగానే ట్రాలీల్లో తెచ్చి మా గేటు ముందు పోశారు. షెడ్డు ముందంతా పసుపుపచ్చ. దారాలు తీసి వేయడానికి చేతులు చాలలేదు. ఆమె, కుప్పల దగ్గర పనిచేసే మరిద్దరు ఆడవాళ్లు కూర్చుని పొద్దంతా తెంపినా ఇంకా సగం మిగిలేవి. పువ్వు కుళ్లిపోతోంది, ఈగలు ముసురుతున్నాయి, ఊళ్లోవాళ్లు వాసన అని అప్పటికే గొణుగుతున్నారు. అందుకని కొన్ని దండలు దారంతోనే నరికే మిషన్లోకి పోయాయి.

పువ్వు నలిగింది. దారం నలగలేదు.

మిషన్ నుంచి వచ్చినదంతా ముందు ఒక గుంతలో పడుతుంది. దాన్ని మేము కలిపే గుంత అనేవాళ్లం. మనిషి నిలువు కన్నా కొంచెం లోతు, చుట్టూ సిమెంటు గోడ, దిగడానికి ఇనుప మెట్లు. అక్కడ నీళ్లతో కలిసిన గుజ్జు, అడుగున ఉన్న పైపులోంచి ట్యాంకులోకి జారుతుంది. పైన రేకుల కప్పు ఉంది కాబట్టి గాలి ఆడేది కాదు. గుజ్జు నిలవ ఉంటే ఆ గుంతలోనే పులిసి విషపు గాలి అడుగున పట్టుకుంటుంది. దిగొద్దని గోడ మీద ఎర్ర రంగుతో రాయించాం. అతనికి అది చదవాల్సిన అవసరమే లేదు, నాకంటే బాగా తెలుసు.

కొన్ని రోజులుగా సన్నగా జారుతున్న గుజ్జు ఆ రోజు మధ్యాహ్నం పూర్తిగా ఆగిపోయింది. దారాలన్నీ పైపు మూతి దగ్గర జడలా అల్లుకుపోయాయి. అతను పైనుంచి ఇనుప రాడ్డుతో పొడిచాడు, నీళ్లు కొట్టాడు, కదల్లేదు. ఈలోగా హాస్టల్ వంటమనిషి ఫోన్.

"మేడం, మంట గుడ్డిదీపం లెక్కున్నది. అన్నానికి ఎసరు వెట్టిన. పిల్లలు బడి నుంచి వచ్చే యాల్లయింది, ఎట్ల జేయాలె?"

"జర ఆగమ్మా, చూస్తున్నం. కాకపోతె సిలిండర్ పెట్టుకో" అన్నాను.

నేను అప్పుడు ఎరువు కుప్పల దగ్గర ఉన్నాను. పక్కన ఒక రైతు బస్తాలు ఎత్తించుకుంటున్నాడు. అన్న గేటు దగ్గర ట్రాక్టరు వాడితో మాట్లాడుతున్నాడు. షెడ్డులోంచి అతని గొంతు వినిపించింది.

"అక్కా, రాడ్డు అందుతలేదు. ఒక్క మెట్టు దిగి గుంజుత!"

"దిగకు తమ్మీ! నేనొస్తున్న, ఆగు!"

"మూతికి తువ్వాల కట్టుకున్న. ఒక్క నిమిషం!"

నేను నడుస్తూనే ఉన్నాను. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి అతను మళ్లీ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. గుంతలోంచి, కొంచెం మూసుకుపోయినట్టు:

"ఇప్పుడు వాసన గూడ లేదక్కా. మంచిగనే ఉన్నది."

కుళ్లిన గుడ్ల వాసన వస్తున్నంతసేపు ఆ గాలి తక్కువ ఉన్నట్టు. ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసన పోయినట్టు అనిపిస్తుంది. ఆ మాట నేనే పనిలోకి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పేదాన్ని. పరుగెత్తాను. "పైకి రా! పైకి రా తమ్మీ!" అని అరుస్తూనే ఉన్నాను. జవాబు రాలేదు.

గుంత అంచు నుంచి చూస్తే అతను మోకాలి లోతు గుజ్జులో కూలబడి ఉన్నాడు. వీపు గోడకు ఆని, తల ఒక పక్కకు వాలి. ముఖం గుజ్జులో పడలేదు. ఒక చేతిలో పసుపు పచ్చ దారాల కుచ్చు అట్లాగే ఉంది.

నా కేకలకు ముందు వచ్చింది ఆమె. చేతులకు పూల రంగు అంటుకుని ఉంది. గుంతలోకి ఒక్కసారి చూసి, చీర కొంగు నడుముకు చెక్కి ఇనుప మెట్ల వైపు పోయింది. నేను వెనక నుంచి పట్టుకున్నాను.

"ఇడువక్కా! అగో, ఆయన కదుల్తలేడు!"

"నువ్వు దిగితె నువ్వు గూడ గట్లనే పడ్తవ్!"

"పడ్తె పడ్త! ఇడువు నన్ను!"

ఆమె నా కన్నా బలమైన మనిషి. పొద్దస్తమానం గంపలెత్తే చేతులు. ఒక చేత్తో ఆమె రెక్క, ఒక చేత్తో కొప్పు పట్టుకున్నాను. ఇద్దరం కింద పడ్డాం. నా మణికట్టు కొరికింది. నేను వదల్లేదు. ఆమె మీద నా బరువంతా వేసి పడుకున్నాను. ఆమె అరుపు ఎట్లాంటిదో రాయడం నాకు చేతకాదు.

అప్పుడే అన్న వచ్చాడు. వచ్చీ రాగానే చెప్పులు విడిచి మెట్టు మీద కాలు పెట్టాడు. ఎవరి మాటా వినే అలవాటు లేని మనిషి. నాకు ఆమెను వదిలి ఆయన్ను పట్టుకునే వీలు లేదు.

"అన్నా! నీ కాళ్లు మొక్కుత, దిగకు! నువ్వు పడితె నిన్ను గుంజేటంత బలం ఈడ ఎవ్వరికి లేదు!"

ఆయన కాలు మెట్టు మీదే ఉంది. గుంతలోకి చూశాడు, నా వైపు చూశాడు. ఆ కొద్దిసేపు ఆయన ముఖంలో కోపమే కనిపించింది. తర్వాత కాలు వెనక్కి తీసుకున్నాడు.

"మరేం జేద్దాం? జెప్పు, జల్ది జెప్పు!"

ఎరువు కుప్పలు వేడెక్కకుండా లోపలికి గాలి కొట్టే బ్లోయర్ ఒకటి మా దగ్గర ఉంది. మోటారు దూరంగా ఉంటుంది, దానికి ఏనుగు తొండమంత రబ్బరు పైపు. మోటారు గుంత దగ్గరికి తేకూడదు, గ్యాస్ ఉన్నచోట ఒక్క రవ్వ లేస్తే చాలు. పైపు మాత్రం షెడ్డు దాకా వస్తుందా అన్నది ఎప్పుడూ కొలిచి చూడలేదు.

"కుప్పలకు గాలి గొట్టే పైపు గుంజుక రాండ్రి! మోటర్ ఆడనే ఉండనీ!"

ఎరువు పని చేసే ఇద్దరు ఆడవాళ్లు పైపు మూతి భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చారు. బస్తాల రైతు మధ్యలో మడత పడకుండా పట్టుకున్నాడు. గుంత అంచు దాకా వచ్చి పైపు బిగిసిపోయింది. అన్న రెండు చేతులతో పట్టి గుంజాడు. అవతల ఏదో ఊడిన చప్పుడు. ఊడింది పైపు బిగింపు కాదు, దాని కింద పెట్టిన ఇటుకలు జారాయి. పైపు మూతి గుంతలోకి, అతని ముఖం దాకా దిగింది. మోటారు ఆన్ చేయమని ట్రాక్టరు వాడికి కేక వేశాను.

కరెంటు ఉంది. ఆ రోజు పొద్దున నుంచి ఎన్నిసార్లు పోయి వచ్చిందో, ఆ సమయానికి ఉంది.

గాలి దిగుతుంటే గుంతలోంచి వాసన ఒక్కసారిగా పైకి కొట్టింది. అందరం ముఖాలు తిప్పుకున్నాం. వాసన తెలుస్తున్నందుకు నాకు ఏడుపొచ్చింది. అన్న అంచున బోర్లా పడుకున్నాడు. ఊపిరి పీల్చుకోవడానికి తల పక్కకు తిప్పుతూ, బిగబట్టి మళ్లీ లోపలికి వంగుతూ, చొప్ప లాగే కొంకి కర్రతో అతన్ని అందుకోవడానికి చూశాడు. మొదటిసారి కొంకి అంగీకి తగిలింది. అంగీ చిరిగిపోయి అతను ఇంకొంచెం కిందికి జారాడు. ఆమె నా కింద ఒక్కసారి బిర్రబిగుసుకుంది. "నడుం పటక చూడన్నా, పటక!" అన్నాను. ఈసారి కొంకి అతని నడుం బెల్టుకే తగిలింది. కొంచెం లేపి, గోడకు ఆనించి, ఉచ్చు వేసిన మోకు ఒక చేతి మీదుగా తల దాటించి చంక కిందికి దింపాడు. రైతూ, ఆడవాళ్లూ, ట్రాక్టరు వాడూ కలిసి లాగారు.

పైకి వచ్చాక అతని పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి. ఛాతీ మీద చెవి పెట్టాను. ఏదో ఉంది, చాలా దూరంగా. అప్పటికి నేను ఆమెను వదిలిపెట్టానన్న సంగతి కూడా నాకు తెలియలేదు. ఆమె అతని తల ఒళ్లో పెట్టుకుని, నోట్లో చేరిన గుజ్జు వేళ్లతో తీస్తోంది.

అంబులెన్స్ కోసం ఆగకుండా అన్న కారులోనే దవాఖానకు తీసుకుపోయాం. కిటికీలన్నీ తెరిచి. మధ్యలో ఒకచోట అతను దగ్గాడు, కక్కుకున్నాడు. అన్న స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి "బతికిండు, బతికిండు" అన్నాడు. ఆమె అతని మూతి కొంగుతో తుడిచింది.

దవాఖానలో ఆక్సిజన్ పెట్టాక డాక్టరు బయటికి వచ్చి అడిగాడు. "ఇంకా ఎవరైనా దిగారా?"

"లేదు సార్. ఎవ్వరం దిగలే."

ఆయన మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. "ఇలాంటి కేసుల్లో ఒక్కరే రావడం తక్కువ. మొదటివాణ్ణి కాపాడబోయి రెండోవాడు, అతని కోసం మూడోవాడు. మీరు అదృష్టవంతులు." ఆ మాట ఆమె విన్నది. విన్నాక నా వైపు చూస్తుందని ఎదురుచూశాను. చూడలేదు.

అతను బతికాడు. ఐసీయూలోంచి మామూలు వార్డుకు, అక్కడి నుంచి ఇంటికి వచ్చాడు. చాలాకాలం చేతులు వణికేవి. మాట మధ్యలో ఆగిపోయి, ఏం చెప్తున్నాడో మర్చిపోయి నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక నేను తల దించుకునేదాన్ని.

ఊళ్లో గోల మొదలైంది. పంచాయతీ దగ్గర కూర్చోబెట్టారు. వాసన గురించి మొదటి నుంచీ చెప్తున్నామన్నారు కొందరు. మనుషుల్ని మింగే ప్లాంటు మాకెందుకన్నారు ఇంకొందరు. ప్లాంటు మూయిస్తే పక్క ఫామ్‌హౌసుల వాళ్లు సంతోషిస్తారన్న మాట కూడా ఎవరో అన్నారు. ఆ సాయంత్రం అన్న మా ఇంటికి వచ్చాడు.

"చెల్లె, బంద్ జేద్దాం. ఎలక్షన్లు వస్తున్నయ్. మా ఇంట్ల అందరు అదే అంటున్నరు. నాకు గూడ నిద్ర వడ్తలేదు. కండ్లు మూస్తె ఆ అంగి చినిగిన సప్పుడే ఇనవడ్తది."

"బంద్ జేస్తె చొప్ప మళ్ల కాలవెడ్తరన్నా."

"కాలవెట్టనీ. మనిషి పాణం కన్న ఎక్కువనా?"

ఆయన ముందు పెట్టిన టీ చల్లారిపోయింది. "ముందుగాల వాళ్లిద్దర్ని అడుగుదాం" అన్నాను చివరికి. "వాళ్లు వద్దంటే తాళం ఏద్దాం. నేను ఒక్క మాట గూడ అనను."

మర్నాడు నేనొక్కదాన్నే వెళ్లాను. అతను మంచం మీద పడుకుని ఉన్నాడు. ఆమె గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు, కూర్చోమని అనలేదు.

"ఎట్లున్నడు?"

"మంచిగనే ఉన్నడు మేడం."

అంతకుముందు ఎప్పుడూ ఆమె నన్ను మేడం అనలేదు. గడప మీద కూర్చున్నాను. తర్వాత ఆమే మాట్లాడింది, బియ్యం వైపు చూస్తూ.

"డాక్టర్ జెప్పింది ఇన్న. నువ్వు ఆపకుంటె నేను సచ్చిపోతుంటినని తెల్సు. చర్చిల పాస్టరయ్య గూడ జెప్పిండు, నీకు దండం పెట్టుకోవాలెనని. కని నా పెనిమిటి ఆడ పడి ఉంటె నన్ను నేలకేసి ఒత్తినవ్. ఆయన ఊపిరి ఉన్నదా పోయిందా చూడనియ్యలే. ఆ చెయ్యి ఇంక నా రెక్క మీద ఉన్నట్లే ఉన్నది. నేనేం జెయ్యాలె?"

నా మణికట్టు మీద ఆమె పళ్ల గాటు ఇంకా పచ్చిగానే ఉంది. దాన్ని కొంగుతో కప్పుకున్నాను. క్షమించు అంటే అబద్ధమవుతుంది, ఎందుకంటే మళ్లీ అదే జరిగితే నేను మళ్లీ అదే చేస్తాను. మంచిపనే చేశాను అని చెప్పడానికి నోరు రాలేదు. "ఏం జెయ్యకు" అన్నాను. "నా మీద కోపం ఉంటె ఉండనీ."

ఆమె చేట కింద పెట్టింది. లోపలి నుంచి అతను, ఆగి ఆగి, "ప్లాంటు బంద్ జేస్తరా అక్కా?" అని అడిగాడు.

"నీ ఇష్టం తమ్మీ. మీ ఇద్దరి ఇష్టం."

అతను ఆమె వైపు చూశాడు. ఆమె లేచి కొంగు దులుపుకుంది.

"గుంత పూడ్పుండ్రి" అంది. "మూత పెడ్తం, తాళం ఏస్తం అంటె గాదు. మూత తీసే దినం ఒకటి వస్తది. ఆ గుంతనే ఉండొద్దు. గట్లయితెనే వస్తం. లేకుంటె మా అమ్మగారింటికి పోయి పత్తి ఏరుకుంట."

ఆ మాట తీసుకెళ్లి అన్నకు చెప్పాను. ఆయన "ఆ పిల్ల అన్నది నిజమే" అన్నాడు. వాళ్లింట్లో ఏం చెప్పుకున్నాడో నాకు తెలియదు. కొన్నాళ్లకు ట్రాక్టరుతో మొరం తెచ్చి తనే దగ్గరుండి గుంతలో పోయించాడు. ఆమె గుమ్మంలోంచి చూస్తూ నిలబడింది. నిండేదాకా లోపలికి పోలేదు.

కొత్త ఏర్పాటుకు చలికాలమంతా గడిచిపోయింది. గుంత బదులు నేల మీదే ఛాతీ ఎత్తున తొట్టి కట్టించాం. పైన కప్పు లేదు, నాలుగు వైపులా గాలి. పైపు మూసుకుపోతే బయట నిలబడే, పక్కనున్న మూత విప్పి శుభ్రం చేయవచ్చు. ఆ నెలల్లో హాస్టల్ మళ్లీ సిలిండర్లకు పోయింది. పత్తి ఏరడం అయిపోగానే కట్టె పీకి కాల్చడం మొదలుపెట్టారు. పొద్దున చేవెళ్ల బస్సులో వస్తుంటే రోడ్డుకు రెండు వైపులా పొగ. అందులో మాకు చొప్ప ఇచ్చిన రైతుల పొలాలూ ఉన్నాయి. ఒకతను నన్ను చూసి తల గోక్కుంటూ, "ఏం జెయ్యాలె మేడం, మీరు బంద్ వెడ్తిరి, నాకు దుక్కి దున్నుకునే టైమాయె" అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకేం హక్కుంది.

ఎండలు ముదరకముందే తొట్టిలో మొదటి ఆకు పోశాం. గ్యాస్ నిలకడగా రావడానికి సమయం పట్టింది. హాస్టల్ వంటమనిషి నమ్మకం లేక చాలా రోజులు పక్కన సిలిండర్ పెట్టుకునే వండింది. ఊళ్లో గొణుగుడు పూర్తిగా ఆగలేదు, ఇప్పటికీ ఉంది. అతను తిరిగి పనిలోకి వచ్చాడు గానీ యంత్రాల దగ్గరికి పోవడం లేదు, బస్తాలు తూచి ఇస్తాడు. యంత్రం ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. దారంతో ఒక్క దండ వచ్చినా ట్రాలీ వెనక్కి పంపుతుంది. అన్న పంపిన ట్రాలీ అయినా సరే. నన్ను మాత్రం ఇప్పటికీ మేడం అనే పిలుస్తుంది. పచ్చి పులుసు చేసిన రోజు నా వంతు గిన్నెలో పోసి బల్ల మీద పెట్టి పోతుంది, పక్కన కూర్చోదు.

ఈమధ్య మొయినాబాద్ అవతల కొందరు రైతులు కలిసి ఇట్లాంటిదే తమ ఊరి చొప్పకు, పూలకు పెట్టుకుంటామని వచ్చారు. వెంట ఒక ఇంజినీరు, చేతిలో పెద్ద నక్షా. దాన్ని బల్ల మీద పరిచి నాకూ అన్నకూ వివరిస్తున్నాడు. ఆమె పక్కనుంచి పోతూ ఆగింది. నక్షా మీదికి వంగి చూసింది, చేతులు కడుక్కోలేదని వేలు పెట్టకుండా గడ్డంతో చూపించింది.

"ఇదేంది?"

"అది కలెక్షన్ చాంబర్ అమ్మా. అండర్‌గ్రౌండ్. అందులో..."

"మనిషి దిగేటట్లు ఉంటదా?"

ఇంజినీరు నా వైపు చూశాడు. "క్లీనింగ్ కోసం, ఎప్పుడైనా..."

"గట్లయితె మార్చుండ్రి" అని ఆమె రైతుల వైపు తిరిగింది. నేల మీదే తొట్టి ఎట్లా కట్టుకోవాలో, మూత ఏ పక్కన పెట్టుకోవాలో చెప్పడం మొదలుపెట్టింది. గుంతలో ఏం జరిగిందో చెప్పలేదు. వాళ్లు ఆమె వెంట షెడ్డులోకి నడిచారు. ఇంజినీరు నక్షా చుట్టుకుని వాళ్ల వెనకే పోయాడు. అన్న లేచి ట్రాక్టరు దగ్గరికి వెళ్లిపోయాడు.